నాలుగు స్పీకర్ల రహస్యం

ముందే చెప్తున్నా, ఇది విని నవ్వాలో వద్దో మీకు అర్థం కాదు. నాకే ఇంకా కాలేదు. నేనూ మా మామ కొడుకూ కూడబలుక్కొని, ఒక్క మనిషికి ఒక్క మాట తెలియకూడదని నెలరోజులు కాపలా కాసినాం. నేను పోయి ఆ మాటను ఆ మనిషికే వినిపించినాను. అదీ ఫుల్ వాల్యూమ్‌లో! అది చాలదన్నట్టు, రెండు గంటలు తిరక్కముందే, తెలియకూడని రెండో మనిషికి కూడా! నేను నోరు తెరిస్తే ఒట్టు. అంతా ఆ కారే చేసింది.

కారు సంగతి మీకు తెలుసు కదా. పొదిలిలో ఒక పళ్ల డాక్టర్ దగ్గర కొన్న సెకండ్ హ్యాండ్ బండి. ఇంజన్‌కు వంక పెట్టేది లేదు, ఏసీకి వంక పెట్టేది లేదు. వచ్చిన తంటా అంతా ఆ స్టీరియోతోనే. రేడియో, సీడీ, బ్లూటూత్ అన్నీ ఒకే డబ్బా. దానికి ఎన్ని బటన్లో! అవి చాలవని స్టీరింగ్ మీద ఇంకో ఆరు. ఏది దేనికో చెప్పే పుస్తకం డాక్టర్ ఇవ్వలేదు. ఇచ్చినా నేను చదివేవాణ్ని కాదు, అది వేరే సంగతి. మార్కాపురంలో కళ్లద్దాల షాపు పెట్టుకొని, ఊరందరికీ చిన్న అక్షరాలు కనపడేటట్టు చేసేది నేనే. ఆ బటన్ల మీద అక్షరాలు మాత్రం నాకు కనపడవు.

పైగా దాంట్లో ఒక సీడీ ఇరుక్కుపోయింది. డాక్టర్ పేషెంట్ల కోసం కొన్నాడేమో, ధ్యానం సీడీ. ఒకామె తేనె పూసిన గొంతుతో, "కళ్లు మూసుకోండి... కాళ్లను వదిలేయండి... నడుమును వదిలేయండి..." అని చెప్తా ఉంటాది. బస్టాండ్ దగ్గర కార్ల స్టీరియోలు రిపేర్ చేసే మస్తాన్ దగ్గరికి తీసుకపోతే, వాడు రెండు నిమిషాలు గెలికి, "అన్నా, ఇది బయటికి రావాలంటే డ్యాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాల. ఉండనీలే, మంచి మాటలే కదా చెప్తాంది" అన్నాడు. నేనూ సరేలే అన్నాను.

ఇంక మామ సంగతి. ఓబులేసు మామ. మా అమ్మకు సొంత తమ్ముడు, పెద్దారవీడులో ఉంటాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైనాడు. శ్రీశైలం ఘాట్‌లో ఎన్ని వేలసార్లు ఎక్కి దిగినాడో ఆయనకే తెలీదు. బీడీ లేకుండా ఆయన్ను నేను చూసింది తక్కువ. చలికాలం నుంచి దగ్గు పట్టుకుంది, తగ్గలేదు. ఒకరోజు రుమాల్లో రక్తం కనపడింది. ఒంగోలు తీసుకపోతే స్కానింగ్ చేసి, గొట్టం వేసి, ఊపిరితిత్తిలోంచి ముక్క తీసి పరీక్షకు పంపినారు. డాక్టర్ మామను బయట కూర్చోబెట్టి, ఆయన కొడుకు శీనును, నన్ను లోపలికి పిలిచి, "నాకు అనుమానంగానే ఉంది" అన్నాడు.

ఆ రోజే శీను నా చేతులు పట్టుకున్నాడు. "బావా, నాయనకు తెలియకూడదు. అమ్మకు అసలు తెలియకూడదు. ఏదైనా సరే, టీబీ అని చెబుదాం. టీబీకి మందులున్నాయి కదా, ధైర్యంగా ఉంటాడు" అన్నాడు. వాడు తాడిపత్రి దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీలో పని, ఊరికే లీవు దొరకదు. కాబట్టి మామను తిప్పే డ్యూటీ నాది. మా ఇద్దరికీ ఒక కోడ్ కూడా పెట్టుకున్నాం. వాడు ఫోన్ చేసినప్పుడు మామ నా పక్కన ఉంటే నేను 'ట్రాఫిక్‌గా ఉంది' అనాల. అంతే, వాడు ఏమీ మాట్లాడకుండా పెట్టేస్తాడు. ఎంత తెలివైన ప్లానో చూడండి!

మూడు నెలల కింద, మంచి ఎండల్లో, మళ్లీ ఒంగోలు పోయినాం. మామా నేనే. డాక్టర్ చూసి, "రిపోర్ట్ ఈ పూట వస్తుంది, మీ అబ్బాయి వాట్సాప్‌కు పంపిస్తాం" అన్నాడు. బయల్దేరినాం. ఏం తోచక స్టీరియో ఆన్ చేసినాను, రేడియోలో వార్తలు పెడదామని. వార్తలు రాలేదు. ఆమె వచ్చింది. "కాళ్లను వదిలేయండి..."

మామ కాసేపు విని, "ఈమె ఎవరప్పా? అన్నీ వదిలేయమంటాంది. స్టీరింగ్ కూడా వదిలేయాల్నా?" అన్నాడు.

"సీడీ ఇరుక్కుంది మామా."

"సీడీ సంగతి సరే, థర్డ్‌లో ఎందుకు ఏడిపిస్తాన్నావు బండిని? ఫోర్త్ వెయ్. క్లచ్ మీద కాలు తీయ్. అది కాలు పెట్టుకునే పీట కాదు."

ఒంగోలు నుంచి పొదిలి దాకా ఇదే! పొదిలిలో ఆగి చెరుకు రసం తాగినాం. మామ మధ్యలో రెండుసార్లు దగ్గినాడు, రుమాలు చూసుకొని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏం కనపడిందో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

పొదిలి దాటి పది నిమిషాలు అయిందో లేదో, ధ్యానం ఆమె గొంతు ఆగిపోయింది. కారంతా ట్రింగ్ ట్రింగ్‌మని మోగింది. చిన్న తెర మీద 'శీను' అని పేరు. నా ఫోన్ ప్యాంటు జేబులో ఉంది. కట్ చేద్దామని స్టీరింగ్ మీద బటన్ నొక్కినాను. కట్ చేసేది అనుకున్నా. ఎత్తేది అది!

"బావా!" నాలుగు స్పీకర్లు ఒక్కసారిగా అరిచినాయి.

"ట్రాఫిక్‌గా ఉంది!" అని నేనూ అరిచినాను.

మామ రోడ్డు వైపు చూసినాడు. ముందు బండి లేదు, వెనక బండి లేదు. "ట్రాఫిక్ ఏంది? గేదె కూడా లేదే" అన్నాడు.

శీను ఏదీ వినే స్థితిలో లేడు. పాపం, రిపోర్ట్ చూసిన మనిషి. ఒకే ఊపిరిలో చెప్పేసినాడు. "బావా, రిపోర్ట్ వచ్చింది. క్యాన్సరే బావా. ఎడమ పక్క ఊపిరితిత్తిలో. కొంచెం పాకిందంట కూడా. నాయనకు మాత్రం టీబీ అనే చెప్పు, నీ కాళ్లు పట్టుకుంటా..."

నేను ఏం చేసినానో మీరు ఊహించలేరు. బటన్ నొక్కినాను. వాల్యూమ్ పెరిగింది. ఇంకా నొక్కినాను. ఇంకా పెరిగింది! తెర మీద అంకెలు ఇరవై, ఇరవై ఐదు, ముప్పై... "నీ కాళ్లు పట్టుకుంటా" అన్న మాట పక్క చేలో కంది కట్టెలకు కూడా వినపడి ఉంటాది. కార్లో కుడి చేత్తో స్టీరింగ్, ఎడమ చేత్తో డబ్బా మీద కనపడిన ప్రతి బటన్. ఏదో తగిలింది. శీను గొంతు తెగిపోయింది. అబ్బా అనుకున్నా. వెంటనే, అదే ముప్పై వాల్యూమ్‌లో, ఆమె.

"ఇప్పుడు మీ ఊపిరిని... పూర్తిగా... వదిలేయండి..."

నేను కారు పక్కకు తీసి ఆపేసినాను. తల ఎత్తలేదు. మామ వైపు చూసే ధైర్యం లేదు. ఆయన చెయ్యి ముందుకొచ్చి, ఒకే ఒక గుండ్రటి నాబ్‌ను నిదానంగా తిప్పి సౌండ్ తగ్గించింది. నేను ఏడాదిగా ఆ నాబ్‌ను చూడనే లేదు.

"అంత తొందర ఏందమ్మా నీకు" అన్నాడు ఆ సీడీలో ఆమెతో.

మళ్లీ ట్రింగ్ ట్రింగ్. టవర్ పోయి కట్ అయిందనుకొని శీను మళ్లీ చేసినాడు. మామే వేలుతో పచ్చ బటన్ నొక్కినాడు.

"బావా, కట్ అయింది. వింటాన్నావా? నాయన నమ్ముతాడు బావా, టీబీ అంటే నమ్ముతాడు..."

మామ గొంతు సవరించుకున్నాడు. "టీబీ వద్దులేరా శీనూ. టీబీ అంటే మీ అమ్మ నా కంచం, గ్లాసు వేరే పెడతాది."

అవతల వాడు ఏడ్చినాడు. నేను మనుషులు ఏడవడం విన్నాను కానీ, ముందు రెండు, వెనక రెండు, నాలుగు స్పీకర్లలో ఒక మనిషి చుట్టుముట్టి ఏడవడం ఎప్పుడూ వినలేదు. మధ్యలో మేమిద్దరం. ఎటు తిరిగినా వాడి ఏడుపే.

"ఊరుకో. పనిలో ఉన్నావు, మిషన్ల దగ్గర. ఊరుకో. ఇంటికి పోయినాక మాట్లాడ్తా" అని మామే కట్ చేసినాడు. ఎర్ర బటన్. మొదటిసారికే సరిగ్గా నొక్కినాడు.

కారు దిగి నాలుగడుగులు పోయి నిలబడినాడు. కంది కోసేసిన చేను, ఎర్రటి ఎండ. జేబులోంచి బీడీ తీసినాడు, దాన్ని చూసినాడు, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. నేను దిగి, "మామా, తప్పయిపోయింది మామా" అన్నాను. నాకు ఏడుపు వస్తాంది, ఆయన ముందు ఏడవకూడదు, జబ్బు ఆయనది కదా. అట్ల ముఖం అటు తిప్పుకొని కారు అద్దం తుడుస్తా నిలబడినాను. శుభ్రంగా ఉన్న అద్దాన్ని!

వెనక్కి వచ్చి చెయ్యి చాపినాడు. "తాళం ఇయ్యి."

"వద్దు మామా, నీకు ఒంట్లో..."

"నీ కళ్లు చూసుకో, ఆ నీళ్లతో రోడ్డు ఏం కనపడ్తాది నీకు. నాకు జబ్బు ఉందిలే గానీ, యాక్సిడెంట్లో పోయేంత తొందర లేదు. పక్కకు జరుగు."

జరిగినాను. ఆయన నడిపినాడు. ఆ బండి నా దగ్గర అంత మెత్తగా ఎప్పుడూ పోలేదు, నిజం చెప్తున్నా. మార్కాపురం దాటినాక చెప్పినాడు. "ఆదివారం శీనును రమ్మంటా. వాడు పక్కనుండగా మీ అత్తకు నేనే చెప్పుకుంటా. అప్పటిదాకా నువ్వు నోరు తెరవొద్దు."

"తెరవను మామా."

"నువ్వు తెరవకపోయినా..." అని ఆ డబ్బా వైపు చూసినాడు.

పెద్దారవీడు చేరేసరికి మధ్యాహ్నం మూడు. ఊళ్లో పొద్దున్నుంచి కరెంటు లేదు. మామ కారును వాకిట్లో నీడకు పెట్టినాడు. తాళం తిప్పబోతాంటే నేనే అన్నాను, "ఆపొద్దు మామా, ఏసీ నడవనీ. నేను ముఖం కడుక్కొని వెంటనే బయల్దేరతా." చూడండి, ఎవరూ అడగలేదు నన్ను! నా నోటితో నేనే అన్నాను.

అత్త ఎదురొచ్చింది. "ఏమన్నాడు డాక్టర్?"

"రిపోర్ట్ రావాల ఇంకా" అన్నాడు మామ. ఆయన స్నానాలగదిలోకి, నేను పెరట్లో తొట్టి దగ్గరికి. అత్త సంచి తీసుకుందామని కారు దగ్గరికి పోయింది. డోర్ తీయగానే చల్లటి గాలి. పొద్దున్నుంచి ఉక్కపోతలో ఉడికిన మనిషి, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అనుకొని సీట్లో కూర్చొని డోర్ వేసుకుంది.

ఇక్కడ పెరట్లో నాకు శీను గుర్తొచ్చినాడు. అక్కడ ఒక్కడే ఏడుస్తా ఉంటాడు, ధైర్యం చెబుదాం, ఆదివారం సంగతి కూడా చెబుదాం అని ఫోన్ చేసినాను. వాడు ఎత్తినాడని తెర మీద కనపడ్తాంది. మాట వినపడదు. "హలో? శీనూ? హలో? నాకేం వినపడలేదురా!" నిమిషం పైన తొట్టి చుట్టూ తిరుగుతా అరుస్తానే ఉన్నాను. టవర్ లేదేమోనని గోడ కూడా ఎక్కినాను.

నాకు వినపడలేదు, సరే. ఎవరికి వినపడ్తాందో ఆ గోడ మీద నాకు తట్టలేదు. కారు ఆన్‌లో ఉంటే, ఫోన్ దగ్గర్లో ఉంటే, మాట నా చెవికి రాదంట, కారుకు పోతాదంట! మైకు కూడా కారుదేనంట! తర్వాత మస్తాన్ చెప్పినాడు. తర్వాత చెప్పి ఏం లాభం?

కార్లో ఏం జరిగిందో శీను చెప్పగా తెలిసింది. వాడు నేననుకొని మొదలుపెట్టినాడు. "బావా, నాయన ఎట్ల ఉన్నాడు? అమ్మకు మాత్రం ఇప్పుడే తెలియనీయొద్దు బావా. క్యాన్సర్ అంటే అమ్మ తట్టుకోలేదు."

"ఎవరికిరా?" అని అడిగిందంట అత్త.

"బావా, నీ గొంతు ఏంది అమ్మ గొంతు లాగా ఉంది?"

"అమ్మనేరా" అందంట.

నేను గోడ దిగి, ఫోన్‌ను తిట్టుకుంటా వాకిట్లోకి వచ్చినాను. ముందు అద్దంలోంచి అత్త కనపడింది. ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని నన్నే చూస్తాంది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు నేను. నా చేతిలో ఫోన్ చెవి దగ్గరే ఉంది, నోట్లోంచి ఇంకా "హలో" అనే వస్తాంది. ఆ హలో కూడా సగంలో ఆగిపోయింది.

మామ తువ్వాలుతో తల తుడుచుకుంటా బయటికొచ్చినాడు. ఆమెను చూసినాడు, నన్ను చూసినాడు, నా చేతిలో ఫోన్ చూసినాడు. తువ్వాలు నా భుజం మీద వేసి, కారు చుట్టూ తిరిగిపోయి, డ్రైవర్ సీట్లో కూర్చొని డోర్ వేసుకున్నాడు. అద్దాలన్నీ పైకే ఉన్నాయి.

ముక్కాలు గంట. నేను ఎండలో, భుజం మీద తడి తువ్వాలుతో. లోపల వాళ్లిద్దరూ. అత్త పెదాలు కదుల్తాన్నాయి, మామ తల ఊపుతాన్నాడు. ఒకసారి ఆయన భుజం మీద కొట్టింది, గట్టిగానే. ఇంకోసారి ఆయన ఆమె కొంగు అందుకొని ముఖం తుడిచినాడు. పక్కింటామె వచ్చి, "వాళ్లు ఎక్కడికి పోతాన్నారు?" అని అడిగింది. "ఎక్కడికీ లేదమ్మా" అన్నాను. నడిమధ్యలో అత్త వైపు అద్దం బెత్తెడు దిగింది. మామ బీడీ కట్ట బయటికొచ్చి దుమ్ములో పడింది. అద్దం మళ్లీ పైకి పోయింది. ఆ రోజంతా ఆ కార్లోంచి బయటికి ఒక్క ముక్క వినపడనిది ఆ ముక్కాలు గంటే.

ఇప్పటికి నాలుగు కీమోలు అయినాయి. గుంటూరులో. మామకు జుట్టు పోయింది, సగం బరువు పోయింది. దగ్గు తగ్గింది. ముందు ముందు ఎట్ల ఉంటాదో డాక్టర్లు చెప్పలేదు. మేం అడగడం మానేసినాం. పోయేటప్పుడు మామే నడుపుతాడు, ఎవరు వద్దన్నా వినడు. వచ్చేటప్పుడు ఆయన వెనక సీట్లో అత్త ఒళ్లో తల పెట్టుకొని పడుకుంటాడు, నేను నడుపుతా. కారు ఎక్కేముందే అత్త చెయ్యి చాపుతాది, నేను నా ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి ఇచ్చేస్తా. సంచి అడుగున పెట్టి పైన టిఫిన్ క్యారియర్ పెడతాది.

మొన్న నాలుగో కీమోకు కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, మెత్తటి మనిషి. ఫైలంతా చూసి, మామను, అత్తను, వెనకాల నిలబడ్డ నన్ను చూసి, "కొత్త స్కాన్ వచ్చింది. మీతో మాట్లాడాలి. ఈయన ఎవరు?" అంది.

"మా అల్లుడమ్మా. మంచోడు" అంది అత్త. "కానీ ఈయన ముందు ఏమీ చెప్పొద్దు. బయట కూర్చుంటాడు."

డాక్టరమ్మ నా వైపు ఎంత జాలిగా చూసిందో! గొంతు తగ్గించి మామను అడిగింది, "ఏం? ఆయనకు కూడా ఏమైనా జబ్బా?"

మామ నన్ను ఎగాదిగా చూసి, ఊపిరి కూడదీసుకొని అన్నాడు.

"అవునమ్మా. బ్లూటూత్."